పొదలు కోసే యంత్రం: ఏది మార్చవచ్చు, దేని జోలికి పోకూడదు

లైప్‌జిగ్ నగరంలో పడమటి పేట ప్లాగ్‌విట్స్. 1863లో రుడాల్ఫ్ సాక్ అక్కడ నాగళ్ల కర్మాగారం పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అది ప్రభుత్వపరమై, తూర్పు జర్మనీ ఉన్నంతకాలం బీబీజీ అనే పేరుతో దుక్కి పరికరాలు తయారుచేసింది. 1990 తర్వాత పాత షెడ్లు కూలాయి. 2000 ప్రాంతంలో స్థానిక కళాకారులు ఆ ఖాళీ స్థలంలో ధాన్యం చల్లి పైరు పెంచారు, దానికి యార్‌టౌజెండ్‌ఫెల్డ్ అని పేరు పెట్టారు. ఆ ముచ్చట తీరాక నేల మళ్లీ బీడు పడింది. కర్మాగారాలు కూల్చిన చోటు ఎక్కడైనా ఇంతే. పైన పచ్చగా గోల్డెన్‌రాడ్, బ్లాక్‌బెర్రీ ముళ్లతీగలు, రోబీనియా మొలకలు. వేళ్ల మధ్య ఇటుక ముక్కలు, కడ్డీలు, కంకర.

ఈ నగరంలో మొండి నేల చాలా రకాలుగా ఉంది. 1864లో ఎర్న్‌స్ట్ ఇన్నోసెంజ్ హౌషిల్డ్ అనే బడిపంతులు ఇక్కడ ఒక సంఘం పెట్టి, అంతకు మూడేళ్ల ముందు చనిపోయిన వైద్యుడు ష్రేబర్ పేరు దానికి పెట్టాడు. పిల్లల ఆటస్థలంగా మొదలైన ఆ చోటి అంచున 1868లో చిన్న చిన్న మళ్లు వెలిశాయి. జర్మనీ అంతటా కనిపించే ష్రేబర్‌గార్టెన్ తోటలకు ఆ పేరు ఇక్కడినుంచే వచ్చింది. చట్టం ప్రకారం ఒక్కో మడి 400 చదరపు మీటర్లు మించకూడదు. రెండు మూడేళ్లు పట్టించుకోకపోతే బ్లాక్‌బెర్రీ మడినంతా కప్పేస్తుంది. నగరానికి దక్షిణాన లిగ్నైట్ తవ్విన గుంతలు ఇప్పుడు చెరువులు: 2000లో కోస్‌పుడెన్, 2006లో మార్క్‌క్లీబర్గ్ జనానికి తెరిచారు. వాటి వాలు గట్ల మీద సీబక్‌థార్న్ పొదలు, మన రెల్లుకు చుట్టమనిపించే లాండ్‌రైట్‌గ్రాస్ అనే మొండి గడ్డి. ఊరి నడుమ ఎల్‌స్టర్, ప్లైస్సె నదుల వరద మైదానాల్లో తడి పచ్చికలు వేరే.

ఇలాంటి నేల చేతికొచ్చిన మనిషి మొదట కొనేది పచ్చిక కోసే సాధారణ యంత్రం. అది వారంలో చేతులెత్తేస్తుంది. తర్వాత పొదలు కోసే బ్రష్ మోవర్ కొంటాడు. అదీ ఎక్కడో తట్టుకుంటుంది, రాయి తగిలి బ్లేడు వంగుతుంది, బెల్టు కాలుతుంది, చక్రం జారుతుంది. అప్పుడు దాన్ని మార్చాలనిపిస్తుంది. ఇంజను పెద్దది వేద్దామా, బ్లేడుకు వెల్డింగు పెట్టిద్దామా, పుల్లీ మారుద్దామా? ఈ ప్రశ్నలకు తోటసంఘాల్లో, వర్క్‌షాపుల్లో రకరకాల సమాధానాలు వినిపిస్తాయి. వాటన్నిటినీ కలిపి చూస్తే నాకు తోచింది ఇది: నేలకు ఆనే భాగాలను ఎంతైనా మార్చుకోవచ్చు, వేగాన్ని దాచుకున్న భాగాల జోలికి పోకూడదు. చక్రాలు, కింది పలక, కవచం, హ్యాండిల్ మొదటి జాబితాలోవి. బ్లేడు, పుల్లీ, ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ రెండో జాబితాలోవి.

యంత్రాలు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది కత్తెర పద్ధతి. పొడుగాటి పట్టీ మీద పళ్లు అటూ ఇటూ కదిలి, గడ్డిని మొదట్లో కోసి అలాగే పడుకోబెడతాయి. జర్మన్‌లో దీన్ని బాల్కెన్‌మేయర్ అంటారు. ఇటలీలో 1943లో మొదలైన బీసీఎస్, జర్మనీలో 1946లో మొదలైన ఆగ్రియా, రెండు చక్రాల యంత్రానికి ఈ పట్టీని తగిలించే పేరుపొందాయి. రెండోది ఒకే మందపాటి బ్లేడు గిర్రున తిరిగే రకం. సన్నటి చెట్టు కాండాన్ని కూడా కొట్టేస్తుంది. మనం బ్రష్ మోవర్ అనేది ఎక్కువగా దీన్నే. మూడోది అడ్డ షాఫ్టుకు డజన్ల కొద్దీ చిన్న బ్లేడ్లు వేలాడే మల్చర్. అది కోసిందాన్ని తునకలు చేసి నేలమీదే పరుస్తుంది. రాయి తగిలితే వేలాడే బ్లేడు వెనక్కి మడుచుకుంటుంది కాబట్టి కూల్చిన కట్టడాల నేలకు ఇదే మేలు. దాని ధర, బరువు, ఇంజను బలం అన్నీ ఎక్కువే. పట్టీ యంత్రం తేలిక, మెత్తటి గడ్డిలో దానికి సాటి లేదు, కానీ ఒక్క ఇనుప చువ్వ తగిలితే ఆ రోజు పని అక్కడితో సరి.

ఒకే బ్లేడు తిరిగే రకాన్ని కొంచెం దగ్గరగా చూడాలి, ప్రమాదాలు ఎక్కువగా అక్కడే పొంచి ఉంటాయి. 61 సెంటీమీటర్ల బ్లేడు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకోండి. దాని కొస సెకనుకు దాదాపు 96 మీటర్లు పోతుంది, అంటే గంటకు 345 కిలోమీటర్లు. ఇళ్లలో వాడే కోత యంత్రాలకు అమెరికా ప్రమాణం పెట్టిన హద్దు నిమిషానికి 19,000 అడుగులు, సరిగ్గా ఆ వేగం దగ్గరే. అంటే కంపెనీ నుంచి వచ్చిన యంత్రమే హద్దు అంచున పనిచేస్తోంది. గడ్డి బాగా తెగాలని చిన్న పుల్లీ వేసి వేగం 10 శాతం పెంచితే బ్లేడులో దాగే శక్తి 21 శాతం పెరుగుతుంది. వేగానికి వర్గంగా పెరిగే శక్తి అది. ఎగిరే రాయి అంతే బలంగా ఎగురుతుంది, బోల్టు మీద, బేరింగు మీద అంతే భారం పడుతుంది. గవర్నర్ స్ప్రింగును బిగించి ఇంజను చుట్లు పెంచడమూ ఇదే తప్పు. కోత సరిగా లేకపోతే ముందు బ్లేడు అంచు చూడాలి, తర్వాత బెల్టు బిగువు, ఆ తర్వాత మనం నడిచే వేగం. ఈ మూడింట్లోనే తొంభై పాళ్ల జవాబు ఉంటుంది.

ప్లగ్ వైరు పీకి, యంత్రాన్ని కార్బురేటర్ పైవైపు ఉండేలా పక్కకు వాల్చి బ్లేడు చూస్తే సంగతి తెలుస్తుంది. రాళ్ల నేలలో వాడిన బ్లేడు అంచు వంగి పైకి చుట్టుకుని ఉంటుంది, కొస గుండ్రబడి ఉంటుంది. గాలిని పైకి నెట్టే వెనుక రెక్క అరిగి కాగితంలా పల్చనై ఉంటుంది. జనం అంచునే చూసి ఈ రెక్కను మరచిపోతారు. అసలు ముందు విరిగేది అదే. అది పల్చబడిందంటే సానతో పని లేదు, కొత్త బ్లేడు కొనాలి. అంచు మాత్రమే మొద్దుబారితే ఆకురాయితో మునుపటి వాలులోనే రుద్దాలి. పొదలు కోసే బ్లేడుకు మంగలి కత్తి పదును పనికిరాదు, పల్చటి అంచు మొదటి కాండానికే మడతపడుతుంది. గ్రైండర్ వాడితే ఇనుము నీలం రంగు తిరగకుండా నీళ్లలో ముంచుతూ చేయాలి. రంగు మారిన చోట గట్టిదనం పోయినట్టే. తర్వాత గోడకు కొట్టిన మేకుకు నడిమి రంధ్రం తగిలించి చూడాలి, ఏ వైపు దిగితే ఆ వైపు మళ్లీ రుద్దాలి. తూకం లేని బ్లేడుతో ముందుగా దెబ్బతినేది బేరింగు, దాని వెనకే మనిషి చేతులు. యూరప్‌లో కార్మికుల చేతులకు తగిలే కంపనానికి 2002లో ఒక నిర్దేశం వచ్చింది: ఎనిమిది గంటల సగటు 2.5 మీటర్/సెకను² దాటితే యజమాని జాగ్రత్తలు తీసుకోవాలి, 5 దాటకూడదు.

బ్లేడుకు వెల్డింగు సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. అరిగిన కొసకు గట్టి ఇనుము పోయించడం, పగుళ్లు కలపడం, లారీ స్ప్రింగు పట్టీతో సొంత బ్లేడు చేయించడం, ఇవన్నీ చేసేవాళ్లు ఉన్నారు. నాగలి కర్రుకు అది చక్కటి పని. కర్రు నడక వేగంతో పోతుంది, విరిగితే మట్టిలో పడుతుంది. తిరిగే బ్లేడుకు వెల్డింగు అంటిన చోటు పక్కనే ఇనుము పెళుసవుతుంది, పైకి ఏమీ కనిపించదు. విరిగితే ఆ ముక్క సెకనుకు 90 మీటర్లకు పైగా వేగంతో బయటికి వస్తుంది. ఎంత నేర్పున్న వెల్డరు చేసినా నేను దాని దగ్గర నిలబడను.

ఇక మార్చుకోదగినవి. తూర్పు జర్మనీలో తోటవాళ్లకు దుకాణంలో యంత్రం సులువుగా దొరికేది కాదు. ట్రబాంట్ కారు రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజను, పాత గేరుబాక్సు, స్కూటర్ భాగాలు కలిపి సొంతంగా ట్రాక్టర్లు, కోత యంత్రాలు కట్టుకున్నారు. ఆ చేతిపని వారసత్వం సాక్సనీలో ఇంకా చావలేదు. నేల యంత్రాల మీద వాళ్లు చేసే మార్పుల్లో మంచివి చాలావరకు కింది నుంచి మొదలవుతాయి. మొదటిది చక్రాలు. ట్రాక్టర్ పళ్లు ఉన్న టైర్లు వేసి, బాణం గుర్తు సరిగా తిప్పి, రెండు వైపులా స్పేసర్లతో వెడల్పు పెంచితే యంత్రం పక్కకు దొర్లడం తగ్గుతుంది. కానీ చక్రం ఇరుసుకు దూరమైన కొద్దీ ఇరుసు మీద విరుపు భారం పెరుగుతుంది, అందుకే స్పేసరు కొద్దిగానే ఉండాలి. రోబీనియా ముల్లు టైరులో దిగితే సాయంత్రానికి గాలి పోతుంది. టైరులో సీలెంట్ ద్రవం ముందే పోసుకోవడం ఇక్కడ మామూలు. సర్కారు తుమ్మ ముల్లు ఎరిగిన మన రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

రెండోది కోత డెక్కు కింద జారే పలకలు. వాటిని వెల్డింగు చేయకుండా బోల్టులతో బిగించడం తెలివైన పని, అరిగినప్పుడు మార్చుకోవచ్చు. కోత ఎత్తు 8–10 సెంటీమీటర్లకు పెంచితే బ్లేడుకు తగిలే రాళ్లు సగానికి సగం తగ్గినట్టే ఉంటుంది. పొదల మొదళ్లలో దాగిన కప్పలూ బతుకుతాయి. మూడోది ముందు వేలాడే గొలుసులు, రబ్బరు తెర. ఎగిరే రాయిని ఆపేది అవే. కాండాలు లోపలికి వెళ్లడం లేదని వాటిని కోసేసే వాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. నాలుగోది, కొమ్మ తగిలి పెట్రోలు కుళాయి, ప్లగ్ వైరు ఊడకుండా ఇంజను ముందు వంచిన గొట్టపు కంచె. ఇవేవీ యంత్రం వేగాన్ని మార్చవు, దాని ఆయుష్షు పెంచుతాయి.

ఇంజను మార్పిడి ఆ రెండు జాబితాల మధ్యలో వస్తుంది. 1983లో వచ్చిన హోండా జీఎక్స్ రకం ఇంజన్లు ఇప్పుడు ప్రపంచమంతటా పాత యంత్రాలకు కొత్త గుండెగా అమరుతున్నాయి. ఇక్కడ రెండు చిక్కులు. కొన్ని పాత యూరప్ ఇంజన్ల షాఫ్టు ఇప్పటివాటికి వ్యతిరేక దిశలో తిరిగేది. అది చూసుకోకుండా మారిస్తే ముందుకు గేరు వేసినప్పుడు యంత్రం మీదికొస్తుంది. రెండోది షాఫ్టు కొలత. జీఎక్స్ 160 షాఫ్టు 20 మిల్లీమీటర్లదీ దొరుకుతుంది, ముప్పావు అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లదీ దొరుకుతుంది. జీఎక్స్ 390లో 25, 25.4 రెండూ ఉన్నాయి. 25 షాఫ్టు మీద 25.4 పుల్లీ చేతికి తేలిగ్గా ఎక్కుతుంది, బిగించినా సన్నగా ఊగుతుంది, కొద్ది రోజుల్లో కీ గాడి చెడుతుంది. వెర్నియర్ లేకుండా పుల్లీ కొనకూడదు. ఇంకా చట్టం ఉంది. యూరప్ యంత్రాల కొత్త నిబంధన 2023/1230, 2027 జనవరి 20 నుంచి అమల్లోకి వస్తుంది. దాని ప్రకారం యంత్రం భద్రతను దెబ్బతీసే పెద్ద మార్పు చేసినవాడు తయారీదారు బాధ్యత మోయాలి. సొంత మడిలో వాడుకునేవాడికీ, మార్చిన యంత్రాన్ని అద్దెకిచ్చే సంఘానికీ తేడా అక్కడ వస్తుంది.

కోస్‌పుడెన్ గట్టులాంటి వాలు మీద సమస్య వేరు. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఆయిలు కింద గిన్నెలో ఉంటుంది, కనెక్టింగ్ రాడ్డు చిమ్మితే భాగాలకు అందుతుంది. ఇంజను బాగా వాలితే ఆయిలు ఒక మూలకు చేరి చిమ్మే గరిటెకు అందదు. చిన్న ఇంజన్లలో సాధారణంగా 20 డిగ్రీల చుట్టూ హద్దు రాసి ఉంటుంది. జీఎక్స్ 160లో పట్టే ఆయిలు 0.6 లీటరే, అందులో కొంచెం తగ్గినా వాలులో కరువు మొదలవుతుంది. 1959లో ఆల్ఫ్రెడ్ షెఫెనాకర్ పెట్టిన ఏఎస్ మోటార్ సంస్థ వాలు గడ్డికి టూ స్ట్రోక్ యంత్రాలనే నమ్ముకుంది. ఆయిలు పెట్రోలులోనే కలిసి ఉంటుంది కాబట్టి వాలు ఎంతున్నా తేడా రాదు. పొగ, వాసన దాని లోపం. ఇప్పుడు గనుల గట్ల వంటి చోట్ల దూరం నుంచి నడిపే ట్రాక్ చైన్ల యంత్రాలు వస్తున్నాయి. మనిషి వాలు మీద నిలబడకుండా పని జరగడం నిజమైన మేలు. ఒక మడి ఉన్నవాడికి అవి అక్కర్లేదు. వాలుకు అడ్డంగా నడవడం, యంత్రానికి కిందివైపు నిలబడకపోవడం, తడి ఉన్నప్పుడు దిగకపోవడం చాలు.

నిర్వహణలో జనం అలక్ష్యం చేసేది గడ్డి చుట్టుకోవడాన్ని. లాండ్‌రైట్‌గ్రాస్ ఆకు నారలా ఉంటుంది. బ్లేడు షాఫ్టు చుట్టూ చుట్టుకుని, వేడికి గట్టిపడి, ఆయిల్ సీలును తినేస్తుంది. సీలు పోతే గేరుబాక్సు ఆయిలు కారుతుంది, ఆ తర్వాత దుమ్ము లోపలికి పోతుంది. ప్రతి సాయంత్రం ఐదు నిమిషాలు కత్తితో ఆ చుట్టు కోసి తీసేస్తే వందల యూరోల మరమ్మతు తప్పుతుంది. సెప్టెంబరులో గోల్డెన్‌రాడ్ దూది ఇంజను చుట్టూ ఉన్న చల్లబరిచే జల్లెడను మూసేస్తుంది. అప్పుడు ఇంజను వేడెక్కి బలం తగ్గుతుంది, జనం కార్బురేటర్ విప్పుతారు. ముందు జల్లెడ చూడాలి. బెల్టు సంగతీ అంతే. అద్దంలా మెరిసే పక్కలున్న బెల్టు జారుతోందని అర్థం. బిగించడానికి ముందు టెన్షన్ పుల్లీ స్ప్రింగు సాగిందేమో చూసుకోవాలి. హోండా జీఎక్స్ పుస్తకం ప్రకారం మొదటి 20 గంటలకు, ఆపైన ప్రతి 100 గంటలకు ఆయిలు మార్చాలి, 50 గంటలకు ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయాలి. ఎండిన గడ్డి దుమ్ములో ఆ ఫిల్టరుకు 50 గంటలు చాలా ఎక్కువ, పదికే చూస్తే మంచిది.

పెట్రోలు విషయం మన దగ్గరికీ వచ్చింది. జర్మనీ బంకుల్లో 10 శాతం దాకా ఇథనాల్ ఉన్న ఈ10 ఉంది, మన బంకుల్లో ఇప్పుడు 20 శాతం కలిపినది. ఇథనాల్ గాలిలోని తేమను పట్టుకుంటుంది, పాత రబ్బరు భాగాలను ఉబ్బిస్తుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే కార్బురేటర్ సన్న రంధ్రాలు జిగురుతో మూసుకుపోతాయి. సీజను చివర కుళాయి మూసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపితే ఆ బాధ ఉండదు. లైప్‌జిగ్‌లో భుజానికి తగిలించుకునే యంత్రాలు వాడేవాళ్లు చాలామంది డబ్బాల్లో దొరికే ఆల్కిలేట్ పెట్రోలు కొంటారు. ధర ఎక్కువే, కానీ అందులో బెంజీన్ దాదాపు ఉండదు, ఏళ్ల తరబడి చెడదు. రోజంతా సైలెన్సరు పక్కన ఊపిరి తీసే మనిషికి అది న్యాయమైన ఖర్చు.

యంత్రం సిద్ధంగా ఉన్నా ఎప్పుడు పడితే అప్పుడు కోయడానికి వీల్లేదు. 2002 నాటి జర్మన్ శబ్ద నిబంధన ప్రకారం నివాస ప్రాంతాల్లో ఆదివారాలు, పండుగ రోజుల్లో, మామూలు రోజుల్లో రాత్రి 8 నుంచి ఉదయం 7 దాకా ఈ యంత్రాలు నడపకూడదు. భుజాన తగిలించే బ్రష్ కట్టర్లకు ఇంకా ఇరుకు: ఉదయం 9 నుంచి 1 దాకా, మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా మాత్రమే. ప్రకృతి రక్షణ చట్టం 39వ సెక్షను మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 దాకా పొదలు, కంచెచెట్లు మొదలంటా కొట్టడాన్ని నిషేధిస్తుంది. పక్షులు గూళ్లు కట్టే కాలం అది. గడ్డికి ఆ నిషేధం లేదు. కానీ ఇక్కడి పర్యావరణ శాస్త్రజ్ఞులు మల్చర్ మీద చేసే విమర్శ గట్టిది. అది పురుగుల్నీ కప్పల్నీ పట్టీ యంత్రం కంటే ఎక్కువగా చంపుతుంది. తునకలు నేలమీదే కుళ్లి మట్టిని బలపరుస్తాయి, బలిసిన మట్టిలో పూల మొక్కలు పోయి గడ్డే మిగులుతుంది. వరద మైదానంలో పూల పచ్చిక కావాలంటే పట్టీతో కోసి, ఎండబెట్టి, బయటికి తీసుకెళ్లాలి. బ్లాక్‌బెర్రీ మడిని తిరిగి సాగుకు తేవాలంటే మల్చర్ తప్పదు. నేలను బట్టి యంత్రం మారాలి, ఈ వాదంలో నేను ఆ పక్షమే. రీజెన్‌బెరెన్‌క్లౌ అనే రాక్షస మొక్క ఉన్నచోట మాత్రం ఏ యంత్రమూ దింపకూడదు. దాని రసం చర్మం మీద చిమ్మి ఎండ తగిలితే బొబ్బలు లేస్తాయి.

మన దగ్గర పలాస జీడితోటల్లో, నూజివీడు మామిడి తోటల్లో, పెదవేగి చుట్టుపక్కల ఆయిల్‌పామ్ తోటల్లో ఇదే పని ఎక్కువగా భుజాన వేసుకునే బ్రష్ కట్టరుతో జరుగుతోంది. 2014–15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకం రాయితీలతో అవి చాలా ఊళ్లకు చేరాయి. ఇక్కడ అందరూ చేసే మార్పు ఒకటుంది: గడ్డి కోసే నైలాన్ దారం తీసేసి, హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే చెక్క కోసే టిప్పు బ్లేడు బిగించడం, అడ్డొస్తోందని కవచం పీకేయడం. చెక్క రంపం కోసం చేసిన బ్లేడు రాయి తగలడానికి చేసింది కాదు. టిప్పు ఊడితే తూటానే. కట్టరు కోసమే చేసిన, గరిష్ఠ వేగం రాసి ఉన్న బ్లేడే వాడాలి. ఇంకో మాట. పైనుంచి చూస్తే ఆ బ్లేడు అపసవ్యంగా తిరుగుతుంది. దాన్ని గడియారం ముఖం అనుకుంటే 12 నుంచి 3 దాకా ఉన్న భాగం గట్టి కాండానికి తగిలితే యంత్రం ఒక్కసారిగా పక్కకు ఎగిరిపడుతుంది. ఎడమ అంచుతో, కుడి నుంచి ఎడమకు ఊపుతూ కోయాలి. కూలీకి వచ్చిన కుర్రాడికి యంత్రం ఇచ్చేముందు ఈ సంగతి చెప్పేవాళ్లు అరుదు. చెప్పి తీరాలి. కళ్లద్దాలు, భుజం పట్టీ, మోకాళ్ల దాకా రక్ష యంత్రంతోపాటే ఇవ్వాలి.

లైప్‌జిగ్‌లో పాత యంత్రాలు కొనడానికి మంచి కాలం చలికాలం. అమ్మేవాడు షెడ్డు ఖాళీ చేయాలనుకుంటాడు. కొనేవాడికి ఫిబ్రవరి చివరిలోపు పొదలు కొట్టే అవకాశం ఉంటుంది. అలాంటి యంత్రం చూడ్డానికి వెళ్తే రంగు, టైర్లు తర్వాత. ముందు ప్లగ్ తీసి, యంత్రాన్ని వాల్చి, చేత్తో మెల్లగా తిప్పుతూ బ్లేడు కొసను డెక్కు అంచుకు పక్కన పెట్టి చూడాలి. ఒక కొస దగ్గర ఉన్న సందు, రెండో కొస అదే చోటికి వచ్చినప్పుడూ అంతే ఉండాలి. తేడా ఉంటే బ్లేడు తీసి, షాఫ్టుకు దాన్ని పట్టి ఉంచే బిళ్ల ఒక్కదాన్నే తిప్పి మళ్లీ చూడాలి. బ్లేడు వంగితే కొత్తది వేసుకోవచ్చు. బిళ్ల కూడా ఊగుతోందంటే షాఫ్టే వంగింది, ఎవడో ఒకడు దాన్ని ఇటుక మీదకి ఎక్కించాడు. ఆ యంత్రాన్ని ఎంత తక్కువకిచ్చినా అక్కడే వదిలి రావాలి.